గెలిచినవాడే తాగించాలి

మిర్నా ప్రిస్టుపాకి కోపం రావడం కొత్త కాదు. కానీ ఆ మధ్యాహ్నం వచ్చిన కోపానికి స్కూలు బస్సు తిన్నగా వెళ్ళి రోడ్డు పక్క మంచుగుట్టలో దిగబడింది. ఆఖరి పిల్లని వాళ్ళ పొలం గేటు దగ్గర అప్పుడే దింపేసింది కాబట్టి సరిపోయింది. బస్సులో ఉన్నది తనూ, రేడియోలో తన అన్న గొంతూ.

"ఆడా మగా ఒకే జట్టులో, జీతాలు తీసుకుని ఆడే కర్లింగ్ లీగ్ ఇంతకుముందు లేదు కదండీ. కలిపి ఆడించడం కష్టం కాదా?" అని అడిగింది రేడియో అమ్మాయి.

"మాకేం కష్టమమ్మా? నేను మా చెల్లెలితో ఆడి పెరిగినవాణ్ణి," అన్నాడు ఒరెస్ట్, తేనె పూసిన గొంతుతో. "ఆడవాళ్ళు అద్భుతంగా ఆడతారు. కాకపోతే ఆఖర్లో ఒక్కోసారి చెయ్యి వణుకుతుంది. మా చెల్లికి వణికింది, కప్పు పోయింది. నేనేమన్నా అన్నానా? పల్లెత్తు మాట అన్లేదు. ఓర్పు కావాలమ్మా, ఓర్పు."

మిర్నా రేడియోని పిడికిలితో కొట్టింది. అది ఆగలేదు. రెండోసారి కొట్టేసరికి స్టీరింగ్ అటు తిరిగింది.

బస్సుని లాగడానికి ట్రాక్టరేసుకుని వచ్చినవాడు క్లెమ్. ఆ రోడ్డు మీదే అతని ఆవాల పొలం. చిన్నప్పటి నుంచీ మిర్నాతో కలిసి కర్లింగ్ ఆడుతున్నాడు, చిన్నప్పటి నుంచీ ఆమెను ఏడిపిస్తున్నాడు.

"దుప్పి అడ్డొచ్చిందా?" అన్నాడు గొలుసు తగిలిస్తూ.

"దుప్పి కాదు, గాడిద. రేడియోలో."

"ఓ, విన్నావన్నమాట. అయితే పూర్తిగా విన్లేదు. లీగ్ మొదలయ్యే ముందు ఊరూరా ఒక్కో ప్రారంభం మ్యాచ్ పెడతారట. మొట్టమొదటిది మన కలీనాలోనే. మీ అన్న తన జట్టునేసుకుని వస్తాడు, మన క్లబ్బు నలుగుర్ని పెట్టాలి. ఇద్దరు మగ, ఇద్దరు ఆడ. టీవీలో వేస్తారు."

మిర్నా గొలుసు వదిలేసి నిలబడింది. గాలి ముఖాన్ని కోసేస్తోంది. ఆమెకు చలి తెలియలేదు.

"జట్టుని నడిపే స్కిప్‌గా నేనుంటాను," అంది.

"అందరూ నన్ను ఉండమంటున్నారే."

"క్లెమ్, నీ ట్రాక్టరు కింద పడుకుని అయినా సరే, స్కిప్‌గా నేనే ఉంటాను."

క్లెమ్ ఆమె మొహం చూసి, ఇంక హాస్యాలాడలేదు.

ఇంతకీ ఆ వణికిన చెయ్యి సంగతి. కలీనాలో అది తెలియని మనిషి లేడు. తెలియనిదల్లా అసలు జరిగిందేమిటన్నదే.

మంచు మీద బరువైన రాయిని జార్చి, అవతలి కొసన గీసిన వలయాల నడుమకి చేర్చే ఆట ఇది. జారే రాయికి ముందు జట్టువాళ్ళు చీపుర్లతో ఊడ్చుకుంటూ పరిగెత్తుతారు. ఆ ఊడ్పులో ఎవరి చీపురైనా కదిలే రాయికి తగిలితే, ఆ రాయి కాలిందంటారు. తగిలిందని విజిల్ వేసి పట్టుకునేవాడు ఎవడూ ఉండడు. తగిలించినవాడే చెయ్యెత్తి, నాది తప్పు అని చెప్పి, రాయిని బయటికి తీసేయాలి. ఇంకొకడి తప్పుని పేరు పెట్టి ఎత్తి చూపడం నీచం. తన తప్పుని దాచుకోవడం అంతకన్నా నీచం. కలీనాలో పిల్లలకి ప్రార్థన కన్నా ముందు ఇది నేర్పుతారు. పెళ్ళాన్ని వదిలేసి వెళ్ళినవాణ్ణి కూడా పిలిచి భోజనం పెడతారు గానీ, కాలిన రాయిని దాచినవాడితో ఎవరూ చెయ్యి కలపరు.

ముప్పై ఏళ్ళ కిందట బ్రాండన్‌లో రాష్ట్రస్థాయి మిక్స్‌డ్ ఫైనల్. ఒరెస్ట్ స్కిప్, జట్టుకి పెద్ద. వలయాల దగ్గర నిలబడి ఎటు వేయాలో చూపించేది అతనే. మిర్నా ఊడ్చే మనిషి. ఆఖరి దఫాలో వాళ్ళ రాయి ప్రాణం పోతున్నట్టు నెమ్మదించి వలయంలోకి వస్తోంది. ఒరెస్ట్ ఆగలేకపోయాడు. తనూ చీపురు దించి మిర్నా పక్కన వంగి ఊడ్చాడు. అతని చీపురు అంచు రాయికి తగిలింది. మిర్నా కళ్ళారా చూసింది.

అన్న చెయ్యెత్తుతాడని ఎదురు చూసింది. ఒరెస్ట్ మంచులో ఉంగరం పారేసుకున్నవాడిలా కిందికే చూస్తున్నాడు. చివరికి ఆమే అంది, "రాయి కాలింది" అని. ఎవరు కాల్చారో చెప్పలేదు. అన్న కదా, ఆ మాట వాడి నోట రావాలని. ఒరెస్ట్ తలెత్తాడు, నవ్వాడు, చెల్లి భుజం మీద చెయ్యి వేశాడు, ఎదుటి జట్టుతో అన్నాడు: "క్షమించండి. చిన్నపిల్ల, కంగారు పడింది."

హాలంతా చప్పట్లు కొట్టింది. ఎంత మంచి అన్న అని.

యథార్థవాది లోకవిరోధి అన్నది ఊరికే అన్నారా! కప్పు పోయింది, పరువు పోయింది, కొత్త పేరు వచ్చింది. మాడు మిర్నా. చర్చి విందులో గిన్నె అడుగంటితే "మిర్నా చెయ్యి పడిందేమో చూడండి" అనేవాళ్ళు. నేను కాదని ఆమె మొత్తుకున్నకొద్దీ, అన్న మీదకి నెడుతోందని చీదరించుకున్నారు. పేరు పెట్టి చెబితే నీచం, చెప్పకపోతే దోషం. మిర్నా పెళ్ళి చేసుకుంది, ఆ మొగుణ్ణి వదిలేసింది కూడా. ఆ సంగతి ఎవరూ అడగరు. రాయి సంగతే అడుగుతారు. తల్లులు చెప్పుకునేది విని, బస్సులో పిల్లలు పొగమంచు పట్టిన కిటికీల మీద రాయి బొమ్మ గీసి దానికి మంటలు పెట్టేవాళ్ళు. ఆమె దిగేముందు అన్నీ చేత్తో తుడిచేది.

ఇదంతా ఒక ఎత్తు, నాన్న ఒక ఎత్తు. వసిల్ ప్రిస్టుపా కలీనా క్లబ్బులో ఆటకి మంచు పరిచి చదును చేసే మనిషి. రాయి దగ్గర అబద్ధమాడిన కూతురు అనిపించుకోవడం కన్నా ఆయన చేత్తో నాలుగు దెబ్బలు తినడం నయం అనుకుంది మిర్నా. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. ఆ తర్వాత ఏడాది ఒరెస్ట్ ఆమెను తీసేసి ఇంకో అమ్మాయిని పెట్టుకుని అదే కప్పు గెలిస్తే, అందరి ముందూ కొడుకుని గుండెకి హత్తుకున్నాడు. ఆసుపత్రిలో పోయే ముందు కూడా మిర్నా ఆయన చెయ్యి పట్టుకుని "నాన్నా, అది నేను కాదు" అంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. అంత్యక్రియల విందులో ఒరెస్ట్ గ్లాసెత్తి, "మా నాన్న మనసు ఎంత పెద్దదంటే, మిర్నాని కూడా క్షమించాడు" అన్నాడు. జనం కన్నీళ్ళ మధ్యలోనే నవ్వారు.

ఆ నవ్వు మిర్నా మర్చిపోలేదు. మర్చిపోయే రకం కాదు కూడా. ఒరెస్ట్ వినిపెగ్‌లో స్థిరపడ్డాడు, పేరు తెచ్చుకున్నాడు, ట్రాక్టర్ల కంపెనీ హోర్డింగుల మీదికి ఎక్కాడు. ఊరి పొలిమేరలో కూడా ఒకటుంది. ఖాళీ బస్సుతో దాని పక్క నుంచి పోయినప్పుడల్లా మిర్నా కిటికీ దించి ఉమ్మేసేది. చలి ముదిరిన రోజుల్లో ఆ ఉమ్మి గాలికి వెనక్కొచ్చి బస్సు అద్దానికే గడ్డ కట్టేది. అయినా మానలేదు.

ఆమెకు కావలసింది ఒక్కటే. తగిలించింది నేనే అని ఒరెస్ట్ నోటితో రావాలి, ఊరు వినాలి. నాన్న వినే అవకాశం ఎలాగూ పోయింది. అమ్మయినా వినాలి.

అమ్మ స్టెఫానియా నాన్న పోయినప్పటి నుంచీ మిర్నా ఇంట్లోనే ఉంటోంది. నెలనెలా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది మిర్నా. గుమ్మం ముందు మంచు తోసేది మిర్నా. ఒరెస్ట్ పండక్కి ఫోన్ చేస్తే మాత్రం ముసలావిడ ఆ ఫోనుని రెండు చేతులా పట్టుకునేది.

"వాడొస్తున్నాడమ్మా," అంది మిర్నా ఆ సాయంత్రం కోటు విప్పకుండానే. "వాణ్ణి ఊరందరి ముందూ నిలబెడతాను చూడు."

అమ్మ పిండి ముద్దలు నొక్కి, బంగాళాదుంప కూరి, అంచులు మూస్తోంది. క్లబ్బు విందుకి పెరోగీలు ఎప్పుడూ ఆవిడవే.

"పోనీలేవే. పాత గొడవ. ఇద్దరూ ముసలాళ్ళవుతున్నారు."

"నీకు పాతది. నాకు రోజూ పొద్దున్నే కొత్తగా పుడుతుంది."

అమ్మ ఇంకో పెరోగీ అంచు మూసింది.

జట్టుని ఎంచడానికి క్లబ్బులో పోటీ పెడితే మిర్నా జట్టు ఊరిలోని మిగతా జట్లన్నిటినీ చితకబాదింది. ఇంతకుముందు ఓడినవాళ్ళని ఊరడించేది, ఈసారి వాళ్ళ మొహం కూడా చూడలేదు. "ఈవిడ మనతో ఆడట్లేదురా, మనలో ఇంకెవరినో చూసి కొడుతోంది," అన్నాడు క్లెమ్. నిజమే అన్నాడు.

ఒరెస్ట్ మీద గెలవాలని మిర్నా ప్రత్యేకంగా ఏమీ అనుకోలేదు. ఆమె లెక్క వేరు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. రాయి నెమ్మదిస్తుంటే ఒరెస్ట్ చీపురు దించకుండా ఉండలేడు. అది అతని జబ్బు. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయాయి, వంగితే తూలతాడు. అతని రాళ్ళు వలయంలోకి వచ్చేటప్పుడు వెనక నిలబడి దగ్గర నుంచి చూసే హక్కు ఎదుటి జట్టు స్కిప్‌కి ఉంది. అందుకే క్లెమ్‌ని ట్రాక్టరు పేరు చెప్పి బెదిరించింది. ఎప్పుడో ఒకప్పుడు తగిలిస్తాడు, అప్పుడు నేను పక్కనే ఉంటాను. అంతవరకే ఆలోచించింది. చూశాక ఏం చెయ్యాలో ఆమెకూ తెలియదు.

అది తేల్చింది టీవీవాళ్ళు.

ప్రారంభం రోజున కలీనా క్లబ్బు కలీనాలా లేదు. రంగు దీపాలు, లీగ్ జెండాలు, చెవులు చిల్లులు పడే పాటలు. మంచుకీ మేడ మీది హాలుకీ మధ్య నిలువెత్తు అద్దం. ఆ అద్దం వెనక ఊరంతా కూర్చుంది, చేతుల్లో గ్లాసులు, ఒళ్ళో పెరోగీల ప్లేట్లు. కింద ఆడేవాళ్ళ మాట పైకి వినపడదు, అందుకని హాల్లో పెద్ద టీవీ పెట్టారు. టీవీ కుర్రది ఒకతె వచ్చి ఇద్దరు స్కిప్‌ల కాలర్లకీ వేలి గోరంత మైకులు తగిలించింది.

"మీరు మాట్లాడేదంతా ప్రసారంలో వెళ్తుందండీ. జనానికి అదే ఇష్టం," అంది.

"అంతా? గుసగుసలాడినా?" అడిగింది మిర్నా.

"ఊపిరి తీసినా వినపడుతుందండీ."

మిర్నా ఆ మైకుని ఒకసారి వేలితో తాకి చూసుకుంది. ముప్పై ఏళ్ళలో ఆమెకు ఎవరైనా ఇచ్చిన మంచి బహుమతి అదే.

ఒరెస్ట్ నల్ల రంగేసిన జుట్టుతో, మెరిసే జాకెట్టుతో దిగాడు. చెల్లిని కావలించుకున్నాడు, కెమెరా వైపు తిరిగి.

"ఏమే, చెయ్యి కుదురుగా ఉందా?" అన్నాడు మైకులోకి వినపడేలా.

"నాది కుదురుగానే ఉందన్నయ్యా. నీ మోకాళ్ళు చూసుకో."

మొదట్లో ఒరెస్ట్ మైకు కోసమే ఆడాడు. ప్రతి రాయికీ ఒక జోకు, ప్రతి జోకుకీ ఒక నవ్వు. అతని జట్టులో ఇద్దరు అమ్మాయిలూ ఒక కుర్రాడూ అసలైన ఆటగాళ్ళు, జీతం తీసుకునేవాళ్ళు. ఆఖరి రాళ్ళు వేసేది పొడుగాటి అమ్మాయి. ఒరెస్ట్ వలయాల దగ్గర నిలబడి దారి చూపించడమే. పల్లెటూరి ముసలాళ్ళని సగం ఆటలోనే సరిపెట్టేయొచ్చని వచ్చారు. కానీ క్లెమ్ రాళ్ళు ఆ రోజు పోటు మీదున్నాయి. స్కోరు దగ్గర దగ్గరగా నడుస్తున్నకొద్దీ ఒరెస్ట్ జోకులు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. తర్వాత తన అమ్మాయిల మీద పళ్ళు కొరకడం మొదలుపెట్టాడు. కాలర్‌కి మైకున్న సంగతి మర్చిపోయాడు. మర్చిపోయాడని మిర్నా గమనించింది.

ఆఖరి దఫా. స్కోరు సమం. పొడుగమ్మాయి తన చివరి రాయి వేసింది. దాని తర్వాత మిర్నాది ఒక్క రాయే మిగిలి ఉంది. అమ్మాయి రాయి చక్కగానే వచ్చింది గానీ వలయం అంచులో బద్ధకించింది. "వదలండి, నేను చూసుకుంటా!" అని అరిచి ఒరెస్ట్ ఊడ్చేవాళ్ళని పక్కకి తోసి తనే వంగాడు. పిచ్చెక్కినట్టు ఊడ్చాడు. మోకాలు తూలింది. చీపురు అంచు రాయి పొట్టకి తగిలింది. రాయి కాస్త మెడ తిప్పుకుని వచ్చి నడుమన కూర్చుంది.

అతని జట్టువాళ్ళు రాయినే చూసి చప్పట్లు కొడుతూ వెనుదిరిగారు. చూసింది మిర్నా ఒక్కతే.

ఆమె వెంటనే నోరు విప్పలేదు. మళ్ళీ ఒక అవకాశం ఇచ్చింది. ఒరెస్ట్ లేచి, మోకాలు రుద్దుకుని, మంచు వైపే చూస్తూ నిలబడ్డాడు. అదే నిలబడటం. అదే చూపు.

మిర్నా రెండడుగులు దగ్గరికి వెళ్ళింది. గొంతు తగ్గించి, చిన్నప్పుడు వాడి జేబులో మిఠాయి అడిగినట్టు అడిగింది.

"అన్నయ్యా, తగిలింది కదూ?"

"ఏం తగల్లేదు. వెనక్కి పో."

"నేను చూశాను."

"చూస్తే చూశావ్. ఇంకెవడు చూశాడు?" ఒరెస్ట్ పెదవులు కదలకుండా నవ్వుతూనే అన్నాడు. "అప్పుడూ ఇంతే నువ్వు. నా చీపురు తగిలితే నీకెందుకే నొప్పి? నోరు మూసుకునుంటే కప్పు మన కొంపలో ఉండేది."

"అంటే బ్రాండన్‌లో తగిలించింది నువ్వే."

"నేను కాక ఇంకెవడే? నీకు తెలీదా, నాకు తెలీదా? సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్లా ముందుకొచ్చి వాగావు, నేను దాన్ని నీ మెడకి చుట్టాను. చుట్టకపోతే నేనీ రోజు ఇక్కడుండేవాణ్ణా? ఊళ్ళో ఏదో పేరు పెట్టారు, పడ్డావు, చచ్చావా? పో, పోయి నీ రాయి వేసుకో."

మిర్నా అద్దం వైపు చూసింది. ప్రసారం కాస్త ఆలస్యంగా వెళ్తుందేమో, పైన జనం ఇంకా నవ్వుతూ తింటూనే ఉన్నారు. తర్వాత ఒకాయన నమలడం ఆపాడు. తర్వాత ఇంకొకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఒక్కొక్కరే కుర్చీల్లోంచి లేచి అద్దం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఊరికి ఊరే నిలబడి కిందికి చూస్తోంది. ఒరెస్ట్ వాళ్ళకి వీపు పెట్టి నిలబడి, జట్టువాళ్ళకి భలే అన్నట్టు బొటనవేలు చూపిస్తున్నాడు.

మిర్నా ఇన్నేళ్ళూ కావాలనుకున్నది వచ్చేసింది. కానీ సరిపోలేదు. ఎందుకు సరిపోతుంది? ఊరు విన్నదని వాడికి తెలియనే తెలియదు.

రాయి వేయడానికి ఆ కొసకి నడుస్తూ ఆలోచించింది. వాడి రాయి నడుమన నిండు పెళ్ళికొడుకులా కూర్చుని ఉంది. దాన్ని కొట్టి తప్పించడం ఆమెకు కష్టం కాదు. కొడితే గెలుస్తుంది. గెలిస్తే వాడు ఓడినవాడు. ఓడినవాడు మోకాలు నొప్పని చెప్పి వెనక తలుపులోంచి జారుకున్నా ఊరు సరే పోనీ అంటుంది. గెలిచినవాడికి ఆ వీలు లేదు. గెలిచినవాడు హాల్లోకి ఎక్కాలి, అందరూ చూస్తుండగా బార్ దగ్గరికి నడవాలి, ఓడినవాడికి మొదటి గ్లాసు కొని తెచ్చి ఎదురుగా కూర్చోవాలి. ఈ దేశంలో కర్లింగ్ ఆడే ఏ ఊళ్ళోనైనా అంతే. అది తప్పినవాడు మనిషే కాదు.

అవతల క్లెమ్ చీపురు పాతి చూపిస్తున్నాడు, ఇటు కొట్టు అని.

మిర్నా రాయిని వదిలింది. అది పెళ్ళికొడుకు పక్కనుంచి బెత్తెడు దూరంలో, పలకరించకుండా వెళ్ళిపోయింది.

"ఓసి నీ దుంపతెగ!" క్లెమ్ చీపురు విసిరేశాడు. "మా అమ్మమ్మ కళ్ళు మూసుకుని కొట్టినా తగిలేది కదే! ఏమైంది నీకు?"

"పైకి పద, క్లెమ్. దాహమేస్తోంది."

టీవీ కుర్రది కంగారుగా ఒరెస్ట్ వైపు పరిగెత్తుకొచ్చింది. ఇంటర్వ్యూ కోసమనుకుని "పైన మాట్లాడదాం తల్లీ, ముందు ఆచారం ఉంది" అని దాని బుగ్గ మీద తట్టి, రెండు చేతులూ పైకెత్తి మెట్లెక్కాడు ఒరెస్ట్.

హాల్లో అడుగు పెట్టాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఏంటర్రా, మీ ఊరి జట్టు ఓడిపోయిందని ఏడుస్తున్నారా? నేనూ మీ ఊరోణ్ణే!" అన్నాడు. నవ్వు రాలేదు. జనం పక్కకి తప్పుకున్నారు, బార్ దాకా దారి ఇచ్చారు. ఆ దారి మరీ వెడల్పుగా ఉంది. బార్ వెనక ఐరీన్ అతని మొహం చూడకుండా విస్కీ పోసింది. మిర్నా అప్పటికే కూర్చుని ఉంది, నాలుగు కుర్చీల బల్ల దగ్గర. మిగతా ఆటగాళ్ళు వేరే బల్లకి వెళ్ళిపోయారు. ఒరెస్ట్ గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టాడు, ఎదురుగా కూర్చున్నాడు.

"వీళ్ళకేమైందే?" అన్నాడు గొంతు తగ్గించి.

మిర్నా గ్లాసు ముట్టుకోలేదు. తలతో టీవీ చూపించింది. అప్పుడే అది మళ్ళీ వేస్తున్నారు. నా చీపురు తగిలితే నీకెందుకే నొప్పి. నేను కాక ఇంకెవడే. నీ మెడకి చుట్టాను.

ఒరెస్ట్ చెయ్యి కాలర్ దగ్గరికి వెళ్ళింది. మైకు దొరికింది. దాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయాడు, తేలు కుట్టిన దొంగలా. లీగ్ కోటు వేసుకున్న ఒకాయన మూలకెళ్ళి ఫోన్‌లో గబగబా మాట్లాడుతున్నాడు. ఐరీన్ గోడ మీదున్న ఒరెస్ట్ ఫోటోని మేకుతో సహా పీకేసింది.

"బాగుందా అన్నయ్యా?" అంది మిర్నా. "ఊరంతా చూస్తుంటే కూర్చోవడం ఇలా ఉంటుంది. నేను ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. నువ్వు ఒక్క గ్లాసు సేపు కూర్చో."

"నన్ను నాశనం చేశావే."

"నిన్నేం చేశాను? తగిలిందా అని అడిగాను. అంతే."

అప్పుడు వంటగదిలోంచి అమ్మ వచ్చింది, ఏప్రాన్‌తోనే, పెరోగీల ప్లేటుతో. జనం తప్పుకున్నారు. ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి కొడుకుని చూసింది. ఒరెస్ట్ తల వంచుకుని ఏడుస్తున్నాడు.

"నాన్న బతికుండగా వినలేదు, నా అదృష్టం," అన్నాడు. "ఆయన ఒక్కడైనా నన్ను నమ్మి పోయాడు."

అమ్మ ప్లేటు మిర్నా ముందు పెట్టింది. అలిసిపోయిన గొంతుతో, ఎప్పుడో చెప్పాల్సిన మాట ఇక దాచే ఓపిక లేనట్టు అంది:

"ఆయనకి తెలుసురా. ఆ రోజు బ్రాండన్‌లో అద్దం వెనకే ఉన్నాడు కదా. నీ చీపురు తగలడం చూశాడు. ఇంటికొచ్చి నాకు చెప్పాడు."

హాల్లో ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

ఒరెస్ట్ మొహం చూసి తీరాలి. హోర్డింగు మీదికెక్కిన మొహం, ముసలాడి మొహం అయిపోయింది. అంతకన్నా పెద్ద దెబ్బ మిర్నా ఎంత వెతికినా దొరికేది కాదు. కానీ ఆ దెబ్బ ఆమె కొట్టింది కాదు, పైగా సగం ఆమెకే తగిలింది.

"తెలుసా?" అంది మిర్నా. "తెలిసి ఊరుకున్నాడా?"

"నువ్వు తట్టుకుంటావన్నాడే. వాడు తట్టుకోలేడన్నాడు. వాడికి ఆట తప్ప ఇంకేముంది, నోరు విప్పితే మట్టిగొట్టుకుపోతాడన్నాడు. నన్నూ చెప్పొద్దన్నాడు."

"నేను ఆసుపత్రిలో ఆయన చెయ్యి పట్టుకుని అడిగితే?"

అమ్మ ప్లేటుని ఇంకాస్త ఆమె ముందుకి జరిపింది.

"ఆయన పోయాక? నా ఇంట్లో, నా పొయ్యి దగ్గర కూర్చుని, రోజూ నన్ను చూస్తూ?"

"మాటిచ్చానే ఆయనకి."

మిర్నా ఇన్నేళ్ళూ వాడే మోసం చేశాడనుకుంది, నాన్న మోసపోయాడనుకుంది. నాన్న మీద జాలిపడింది కూడా. ఉమ్మడానికి ఒక్క హోర్డింగే సరిపోతుందనుకుంది. మట్టిలో ఉన్నవాడితో ఏం చేస్తాం? అక్కడికెళ్ళి అరిస్తే వింటాడా? మిగిలింది ఈవిడ. ఎనభై దాటిన ఈవిడ, ఏప్రాన్‌లో చేతులు తుడుచుకుంటూ.

మిర్నా గ్లాసెత్తి ఒక్క గుక్కలో తాగేసింది. పెరోగీల ప్లేటు తీసి తల్లి చేతుల్లో తిరిగి పెట్టింది.

"ఇవి తీసుకెళ్ళు."

"మిర్నా, మోకాళ్ళు లాగేస్తున్నాయే. కాసేపు కూర్చోనివ్వు."

మిర్నా ఆవిడ వైపు చూడలేదు. రెండో గ్లాసు ఓడినవాళ్ళు కొనాలి. ఆమె లేచి బార్ దగ్గరికి నడిచింది. ఈసారి జనం ఆమెను చూసి తలలు దించుకున్నారు. ఒకరిద్దరు భుజం తట్టబోయారు, తప్పించుకుంది. ఐరీన్ పోసిన విస్కీ తెచ్చి అన్న ముందు పెట్టింది.

"తాగు," అంది.

ఒరెస్ట్ వణికే చేతులతో గ్లాసు అందుకున్నాడు. అమ్మ ఇంకా ప్లేటు పట్టుకుని బల్ల పక్కనే నిలబడి ఉంది. రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మిర్నా తన కోటు తీసి ఒకదాని మీద వేసింది, చీపురు తీసి రెండోదాని మీద పెట్టింది.